వెనక సీటు

నెల్లూరు,
2025 జూన్ 9

నాగూర్ అన్నకు,
డెబోరా వందనాలు.

ఫోన్ చేస్తే నీకు వినపడదు, మెసేజ్ పెడితే నువ్వు చూడవు. అందుకని కాగితం తీశాను. ఇత్తడి మీద యాభై ఏళ్లు సుత్తి కొట్టి చెవులు పోగొట్టుకున్నావు, ముప్పై ఏళ్లు పిల్లల నోటుపుస్తకాలు దిద్ది నేను కళ్లు పోగొట్టుకున్నాను. ఇద్దరం సరిపోయాం. నీ జవాబులో తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్ది పంపుతాను, ఇప్పుడే చెబుతున్నా.

పని ఉండే రాస్తున్నాను. పోయిన వారం పేపర్లో చిన్న వార్త వేశారు. జువ్వలదిన్నె బోటు వాళ్ల వలలో పాత విమానం ముక్కలు పడ్డాయట. నాయనకు చదివి వినిపిస్తుంటే నా చెయ్యి పట్టుకున్నాడు. మూడుసార్లు చదివించుకున్నాడు. తొంభై ఒకటో ఏడు, కళ్లు కనపడవు, ఏ వస్తువునైనా చేతులతో తడిమే చూస్తాడు. అంత గట్టిగా నా చెయ్యి పట్టుకుని చాలా కాలమైంది.

నాయనకొక అన్న ఉండేవాడని నీకు తెలుసు. ఫ్రెడ్డీ పెదనాయన. యుద్ధకాలంలో విమానాల దళంలో ఫిట్టరు. 1944 నవంబరులో ఒకరోజు కనపడకుండా పోయాడు. అదే రోజు, అతను రిపేరు చేసే శిక్షణ విమానమొకటి విశాఖపట్నంలో లేచి మద్రాసు చేరలేదు. పెదనాయన దాంట్లో ఎక్కినట్టు ఏ కాగితంలోనూ లేదు. పారిపోయాడని రాసేశారు. మా నాయనమ్మ ఆ మాట మోస్తూనే కన్నుమూసింది. యుద్ధానికి పోయి తిరిగిరాని వాళ్ల పేర్లు మా గుడి గోడలో రాతి మీద చెక్కి ఉన్నాయి, పదకొండు. పన్నెండోది లేదు.

అతను చివరిసారి సెలవు మీద వచ్చి వెళ్లేటప్పుడు నాయనమ్మ మరచెంబులో నీళ్లు పోసి ఇచ్చిందట. దాని మీద పేరు కొట్టింది మీ తాతే. "రెండు సీట్ల విమానం అది. వాడు ఎక్కుంటే చెంబు కూడా ఎక్కుంటది. చెంబు లేకుండా వాడు కదలడు" అంటున్నాడు నాయన. పోయేలోపు తనకు తెలియాల్సింది ఒక్కటేనట. వాళ్లన్న పారిపోయాడా, పోయాడా.

బోట్ల నుంచి వచ్చే పాత లోహమంతా నీ కొట్టుకే కదా వచ్చేది. కాస్త విచారించి రాయి అన్నా.

డెబోరా


జువ్వలదిన్నె,
జూన్ 17

చెల్లెలు డెబోరాకు నాగూర్ రాసేది.

ఎర్ర సిరా భయంతో మూడు కాగితాలు చించినాను. చిన్నాయన, అదే మీ నాయన, నన్ను బిట్రగుంట రైల్వే క్వార్టర్లలో చెవి మెలేసి అక్షరాలు నేర్పించాడు, నువ్వేమో ఇప్పుడు దిద్దుతానంటున్నావు. మీ ఇంటోళ్ల చేతిలో నా బతుకింతే.

పేపర్లో రాసింది నిజమే. పెంచలకృష్ణ బోటు ఏప్రిల్ మొదట్లో పోయినప్పుడు వల బరువుగా తగిలింది. చేపలనుకుని నలుగురూ సంబరపడినారంట. లాగితే అల్యూమినియం రేకులు, వంకరపోయిన పైపులు, నత్తగుల్లలు కరుచుకున్న ఇనుము. వల చినిగిందని తిట్టుకుంటా తెచ్చి నా కొట్టు ముందర పోసినాడు. రేకులు కరిగించేసినా. ఒక పలక మాత్రం ముద్దుగా ఉందని, అంకెలు కొట్టి ఉన్నాయని తలుపుకు మేకు కొట్టి పెట్టుకున్నా. దాని మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది పంపిస్తున్నా. అక్షరాలు ఇంగ్లీషు. నీకు పనికొస్తే మంచిదే.

చిన్నాయనకు సలాము చెప్పు. ఈ ఏడు చందువా చేప లేదు, ఉన్నదంతా ఎండల్లో లోతుకు పోయింది. నా కొట్టు పైకప్పు కూడా గాలికి లేచిపోయింది, రేకులు బిగిస్తున్నా.

చెంబు సంగతి అడిగినావు. అడిగి చూస్తాను.

నాగూర్


నెల్లూరు,
జులై 2

నాగూర్ అన్నా,

నీ ఉత్తరంలో నాలుగు తప్పులున్నాయి, ఒక్కటీ దిద్దలేదు. నువ్వు పంపిన పెన్సిలు రుద్దిన కాగితం ముందు నాకు ఇంకేమీ కనపడలేదు.

ఇంగ్లండులో ఒక ముసలాయన ఉన్నాడు. యుద్ధకాలపు విమానాల రికార్డు కార్డులు పోగుచేయడం ఆయన పని. నీ అంకెలు ఆయనకు పంపాను. వారం తిరక్కుండా ఆ విమానం చరిత్రంతా పంపాడు. హార్వర్డు అనే రకం. కుర్రాళ్లకు విమానం నడపడం నేర్పడానికి చేసింది. ముందు సీట్లో నేర్చుకునేవాడు, వెనక సీట్లో నేర్పేవాడు. పసుపు రంగు. 1942లో చెక్కపెట్టెల్లో ఓడ మీద బొంబాయి వచ్చింది. అక్కడ బిగించి ఉత్తరాదిన శిక్షణ బడికి పంపారు. ఏడాదిలో ఎవరో కుర్రాడు చక్రాలు దించడం మరిచి పొట్టతో నేలకు దింపాడు. ఇంకొకడు రెక్క చివర షెడ్డుకు తగిలించాడు. "సొట్ట, సరిచేయడమైనది" అని రాశారు. మళ్లీ ఇంకో సొట్ట, మళ్లీ సరిచేయడం. నేర్పే పనికి పాతబడ్డాక ఇటు దక్షిణానికి తెచ్చి కాగితాలూ సామానూ మోయడానికి వాడారు. చివరి వరుస ఇది: 1944 నవంబరు 14, విశాఖపట్నం నుంచి మద్రాసుకు, చేరలేదు, సముద్రంలో పోయినట్టు భావన, పైలట్ ఒకరు, లెక్కల నుంచి కొట్టివేయడమైనది.

పైలట్ ఒకరు. అన్నా, దాని ఒంటిమీద పడిన ప్రతి సొట్టా రాశారు, వెనక సీట్లో మనిషి ఉన్నాడో లేడో రాయలేదు.

నాయనకు చదివి చెప్పాను. అప్పుడు చెప్పాడు, ఇన్నేళ్లుగా నాకు చెప్పనిది. ఆ రోజు మధ్యాహ్నం పసుపు విమానమొకటి రైల్వే క్వార్టర్ల మీద బాగా కిందికి వచ్చి ఒకసారి తిరిగి సముద్రం వైపు పోయిందట. నాయనకప్పుడు పదేళ్లు. వెనక సీట్లోంచి చెయ్యి ఊపారంటాడు. ఇంట్లో చెబితే కలగన్నావని కసిరారట. అమ్మ ఇల్లు పైనుంచి చూడాలనే ఎక్కి ఉంటాడని నాయన నమ్మకం. పైలట్‌తో స్నేహం, వెనక సీటు ఖాళీ. కాగితంలో రాయించుకోకుండా ఎక్కేశాడు.

గుడికి నూరేళ్లు నిండుతున్నాయి. సెప్టెంబరు 28 ఆదివారం పాత రాయి తీసి కొత్తది పెడుతున్నారు. కమిటీ కార్యదర్శి కిషోర్ బాబును వెళ్లి అడిగాను. మంచివాడే, కానీ, "టీచరమ్మా, పారిపోయినాడని గవర్నమెంటు కాగితం ఉంది. దాన్ని కాదనాలంటే ఆయన పేరున్న వస్తువు ఒకటి చూపించండి. మాటల మీద రాయి చెక్కలేం" అన్నాడు. తప్పు పట్టలేకపోయాను.

నాయన వారం రోజులుగా రెండు పూటలా తింటున్నాడు. లేచి కూర్చుంటున్నాడు. నీ జవాబు వచ్చిందా అని పోస్టు టైముకు రోజూ అడుగుతున్నాడు.

డెబోరా


జువ్వలదిన్నె,
జులై 20

డెబోరా,

చిన్నాయనకు ఆశలు ఎక్కువ పెట్టబాకు. సముద్రం ఇచ్చేది తక్కువ, ఉంచుకునేది ఎక్కువ. ఎనభై ఏళ్ల నాటి చెంబు ఉప్పునీళ్లలో ఏముంటది. పెంచలకృష్ణ ఆ తావుకు మళ్లా పోతానన్నాడు గాని వల చినుగుతుందని వాళ్లమ్మ మాలకొండమ్మ పోనియ్యదు.

మా తాతను తల్చుకున్నావు కాబట్టి చెబుతా. మా ఇంట్లో ఒక పద్ధతుంది. పేరు కొట్టిన పాత్ర పాతసామానులో వస్తే పేరుతో సహా కొలిమిలో వెయ్యం. ఎవరి పేరైనా నిప్పుల్లో పడగూడదు. ముందు ఆకురాయితో పేరును నున్నగా గీకేసి అప్పుడు కరిగించే మూసలో వేస్తాం. గీకేటప్పుడు చదవం కూడా. పోయినోళ్ల పాత్ర అయ్యుంటది, చదివి మనమేం చేస్తాం. మా తాత మా నాయనకు, మా నాయన నాకు నేర్పించింది.

ఎందుకు రాసినానో ఏమో. ఒంట్లో బాగాలేదు. మళ్లా రాస్తా.

నాగూర్


నెల్లూరు,
ఆగస్టు 30

అన్నా, దొంగవి నువ్వు.

నిన్న చేపల బజారులో మాలకొండమ్మ కనపడింది. జువ్వలదిన్నె నుంచి బుట్టతో వచ్చింది. మాటల్లో విమానం సంగతి ఎత్తాను. "ఆ ముక్కల్లోనే మూత బిగుసుకుపోయిన చెంబొకటి పడిందమ్మా, పచ్చగా పాచి పట్టిపోయి. అది కూడా నాగూర్ సాయిబు కొట్లోనే కాటా వేసినాం" అంది. రొయ్యల సంచి అక్కడే వదిలేసి ఆటో ఎక్కాను. సగం దారిలో గుర్తొచ్చి వెనక్కి పోయి తెచ్చుకున్నాను.

నాయనతో చెప్పాను. రెండుసార్లు చెప్పించుకున్నాడు. తర్వాత నవ్వాడు అన్నా. పళ్లు లేని నోటితో నవ్వాడు. "నాగూర్ ఏప్రిల్లోనే చూసుంటాడు. వాడు మెరుగు పెట్టకుండా ఏ వస్తువూ ఇంటికియ్యడు. పాచంతా తీసి, తళతళలాడించి తెచ్చి నా చేతిలో పెడదామని చూస్తున్నాడు. అందుకే ఉత్తరాల్లో నీళ్లు నములుతున్నాడు" అన్నాడు. నాకూ అదే అనిపించింది. నీ రెండు ఉత్తరాలూ తీసి మళ్లీ చదివి, ఎంత అమాయకురాలినని నన్ను నేనే తిట్టుకున్నాను.

మెరుగు వద్దు అన్నా. ఎట్లా ఉన్నది అట్లాగే తీసుకురా. కిషోర్ బాబుకు ఫోన్ చేసి, ఉంది, వస్తోంది అని చెప్పేశాను. రాయి చెక్కేవాడిని పన్నెండో పేరుకు చోటు వదలమన్నాడు.

నాయన ఇస్త్రీ చొక్కా తీసి పెట్టమన్నాడు, గుడికి.

డెబోరా


జువ్వలదిన్నె,
సెప్టెంబరు 8

డెబోరా,

ఈ ఉత్తరం నిలబడి చదవబాకు. కూర్చో.

చెంబు లేదు. నేను కరిగించేసినా.

ఏప్రిల్లో పెంచలకృష్ణ పోసిన కుప్పలో అదీ ఉంది. చింతపండు నీళ్లలో రెండు రోజులు నానేసినా, పాచి ఊడిపోయింది. మూత మర చూస్తే పాతకాలం పని, మంచి పని. పక్కకు తిప్పితే చుక్కల అక్షరాలు కనపడినాయి. చుక్కలు కనపడగానే నా చెయ్యి ఆకురాయి మీదికి పోయింది. అంతే. చదవలా. అలవాటు డెబోరా. యాభై ఏళ్ల అలవాటు. అక్షరాల ముందర చిన్న నెలవంక గుర్తు మాత్రం చూసినా. అది మా తాత గుర్తు. మా తాత చేతి పనే, ఈ చుట్టుపక్కల ఇంటిదే, ఎవరో పాతసామాను సముద్రంలో పారేసుంటారులే అనుకున్నా. విమానంతో కలిపి నా బుర్ర ఆలోచించలా. గీకినా, మూసలో వేసినా, బోటు ఇంజన్లకు బుష్షులు పోసినా. అవి ఇప్పుడు ఏ బోట్లో తిరుగుతున్నాయో నాకే తెలీదు.

నీ మొదటి ఉత్తరంలో మరచెంబు అన్న మాట చదివినప్పుడే అదే ఇదని తెలిసిపోయింది. ఆ రోజే రాసుండాల్సింది. చిన్నాయన నాకు అక్షరాలు నేర్పినాడు. ఆయన అన్న పేరును నేను చదవకుండా గీకేసినానని ఏ చేత్తో రాసేది. రేపు రాస్తా, మాపు రాస్తా అనుకుంటా రోజులు తోసేసినా. మర్యాద కోసం చేసిన పని డెబోరా అది. పేరుకు మర్యాద చెయ్యాలనే గీకినా.

కిషోర్ బాబు ముందర ప్రమాణం చేసి చెప్పమంటే చెబుతా. కానీ ఏం చెప్పేది. పేరు నేను చదవలేదు. చదివినానంటే అబద్ధం.

ఈ ఉత్తరంతో కూడా డబ్బాలో ఒక వస్తువు పంపిస్తున్నా. కోప్పడబాకు. మా తాత చేసిన మరచెంబు ఇంకొకటి నా దగ్గర పేరు లేకుండా పడుంది. మా తాత ఉలి కూడా ఉంది. ఆయన చుక్కలు ఎట్ల కొడతాడో నాకు తెలుసు. నెలవంక కొట్టి, పేరు కొట్టి, ఉప్పునీళ్లలో పెట్టి పచ్చబరిచినా. మా తాత లేచొచ్చి చూసినా కనుక్కోలేడు. కమిటీకి చూపిస్తావో, చిన్నాయన చేతిలో పెడతావో, బావిలో పారేస్తావో నీ ఇష్టం. నాకు ఇంకేం చెయ్యాలో తెలియలా.

నాగూర్


నెల్లూరు,
అక్టోబరు 6

నాగూర్ అన్నకు,

నాయన సెప్టెంబరు 19న పోయాడు. నీకు కబురు పెట్టలేదు. కావాలనే పెట్టలేదు.

నీ డబ్బా వచ్చినరోజు దాన్ని బీరువా పైఅరలో పెట్టి తాళం వేశాను. నిన్ను తిట్టని తిట్టు లేదు. కమిటీకి చూపించనని ఆ పూటే నిర్ణయించుకున్నాను. గుడిలో అబద్ధం చెక్కించలేను. కానీ నాయన రోజూ అడిగేవాడు. నాగూర్ వచ్చినాడా, చెంబు తెచ్చినాడా. ఇస్త్రీ చొక్కా మంచం పక్క కుర్చీకి వేలాడుతూ ఉండేది. ఐదు రోజులు ఓర్చుకున్నాను. ఆరో రోజు మంచినీళ్లు కూడా వద్దన్నాడు. అప్పుడు తీసి చేతిలో పెట్టాను. తప్పు నీ ఒక్కడిదే అని నేను అనలేను అన్నా. పెట్టింది నేను.

ముందు మూత తడిమాడు. మర తిప్పాడు. చుక్కల మీద వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం చదువుకున్నాడు. పెదవులు కదులుతున్నాయి. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే. తర్వాత చెంబును తిరగేసి అడుగున చుట్టూ బొటనవేలితో నిమిరాడు. ఒకసారి, రెండుసార్లు. మళ్లీ మొదట్నుంచి. వేలు ఆగిపోయింది.

"ఇది మా అన్నది కాదు" అన్నాడు.

ఎనభై ఏళ్లుగా ఎవరికీ చెప్పని సంగతి అప్పుడు చెప్పాడు. చివరిసారి ఫ్రెడ్డీ పెదనాయన రైలెక్కే రోజు చెంబు మోసింది నాయనే. బిట్రగుంట స్టేషన్లో వంతెన మెట్ల మీద జారి పడేశాడు. నీళ్లన్నీ పోయాయి. చెంబు అడుగు అంచున సొట్ట పడింది. ఏడుస్తుంటే పెదనాయన నవ్వి, కొళాయి దగ్గర మళ్లీ నింపుకుని, "అమ్మకు చెప్పబాకురా, నేనూ చెప్పను" అన్నాడట. అన్న చెప్పొద్దన్నాడని నాయన చెప్పలేదు. వాళ్లమ్మకు చెప్పలేదు, మా అమ్మకు చెప్పలేదు, జూన్లో నేను నీకు ఉత్తరం రాస్తుంటే పక్కనే కూర్చుని నాకూ చెప్పలేదు.

"నా కోసం చేయించినారు" అన్నాడు. "అంటే సముద్రంలో వాడి చెంబు దొరకలా. వాడు ఎక్కలా. ఎక్కడో బతికే ఉండి ఇంటికి రాలేదన్నమాట."

కాదు నాయనా అని జరిగిందంతా చెప్పాను. నీ పద్ధతి, ఆకురాయి, మూస, బుష్షులు, అన్నీ. మొదట అబద్ధం చేతిలో పెట్టినదాని నోట్లోంచి వచ్చే నిజాన్ని ఎవరు నమ్ముతారు. అంతా విని ఒక్కటే అడిగాడు. "అయితే సొట్ట ఉండిందా? నాగూర్ చెప్పినాడా?"

నీ ఉత్తరంలో సొట్ట మాట లేదు. నాలుగుసార్లు వెతికాను. నీకు వినపడదని తెలిసీ ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మాలకొండమ్మకు చేస్తే కలవలేదు. నాయనను వదిలి నేను బస్సెక్కే పరిస్థితి లేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. రెండు రోజులు అట్లాగే ఉన్నాడు. చివరి మాట నాతో కాదు. "చెయ్యి ఊపినావనుకున్నానే" అన్నాడు. ఆ పసుపు విమానం కూడా కలే అని ఒప్పుకుని పోయాడు.

కొత్త రాయి 28న పెట్టారు. పదకొండు పేర్లు. పన్నెండో పేరుకు వదిలిన చోటులో కిషోర్ బాబు శిలువ గుర్తు చెక్కించాడు, ఖాళీగా బాగుండదని. వెళ్లి చూసి వచ్చాను.

నువ్వు చేసిన చెంబును డబ్బాలో పెట్టి తిప్పి పంపుతున్నాను. నా దగ్గర ఉండనివ్వలేను. కొట్టి పంపిన పేరును ఏం చేసుకుంటావో నీకే తెలియాలి.

ఒక్కటి రాయి. నన్ను ఓదార్చడానికి రాయవద్దు. లేకపోతే లేదనే రాయి, తట్టుకుంటాను. నువ్వు కరిగించిన చెంబుకు అడుగున సొట్ట ఉందా?

డెబోరా


జువ్వలదిన్నె,
అక్టోబరు 13

డెబోరా,

ఉంది.

సుత్తి కొట్టే దాగలి దిమ్మ మీద నిలబెడితే నిలబడలా. ఒక పక్కకు ఒరిగిపోయింది. అడుగు అంచున, నా బొటనవేలు పట్టేంత సొట్ట. గీకేటప్పుడు కదలకుండా దాని కింద తడిగుడ్డ మడిచి పెట్టినా. ఆకురాయి రెండుసార్లు జారింది దానివల్లే. నా ఎడమచేతి చూపుడువేలు తెగింది, ఆ గీత ఇంకా ఉంది. సముద్రంలో దెబ్బ తగిలిందిలే అనుకుని కొత్తదానికి సొట్ట కొట్టలా, కరిగించే చెంబుకు సొట్ట ఉంటే ఏమి, లేకుంటే ఏమి అని నీకు రాయలా. ఒక్క మాట. అది రాసుంటే చిన్నాయన గోడవైపు తిరిగేవాడు కాదు.

నీ ఉత్తరం చేతికందగానే పోస్టాఫీసు ముందరే చదివినా. తర్వాత బస్సెక్కి నెల్లూరు వచ్చినా. మీ ఇంటికి రాలా, నీ మొహం చూసే ధైర్యం లేదు. సమాధుల తోటకు పోయినా. వాచ్‌మన్ చూపించాడు. మన్ను ఇంకా తడిగానే ఉంది. నేను మాట్లాడేది నాకే వినపడదు కదా, ఎంత గట్టిగా అరిచినానో ఏమో, వాచ్‌మన్ పరిగెత్తుకుంటా వచ్చినాడు. సొట్ట ఉంది చిన్నాయనా, ఉంది, అడుగు అంచునే ఉంది అని చెప్పినా. ఎన్నిసార్లు చెప్పినానో నాకు గుర్తులేదు.

కిషోర్ బాబు దగ్గరికి కూడా పోయినా. అంతా విని కుర్చీ వేసి, టీ ఇప్పించి, "సాయిబూ, సొట్ట సంగతి చెప్పిన ఆయన లేడు, చెంబు లేదు, మీరు పేరు చదవలేదు. నన్నేం చెయ్యమంటారు" అని కాగితం మీద రాసి చూపించినాడు. నిజమే. నేను లేచి వచ్చేసినా.

మీ ఫ్రెడ్డీ పెదనాయన ఆ విమానంలో వెనక సీట్లో కూర్చుని పోయినాడు. నాకు తెలుసు, ఇప్పుడు నీకు తెలుసు. తెలియాల్సినాయనకు తెలియలా.

నువ్వు తిప్పి పంపిన చెంబు నా ముందర ఉంది. కరిగించాలంటే పద్ధతి ప్రకారం ముందు పేరు గీకాల. ఆకురాయి చేతిలోకి తీసుకున్నా. ఈసారి చదివినా. చదివినాక చెయ్యి ఆడలా.

నాగూర్